కంప్యూటర్ అసెంబ్లింగ్ నేర్చుకుని పనిలో చేరడం ఎలా?

విజయవాడ గవర్నర్‌పేటలో మా కంప్యూటర్ షాపుకి నెలకి ఒకరిద్దరైనా వచ్చి, "అన్నా, అసెంబ్లింగ్ నేర్పుతారా?" అని అడుగుతుంటారు. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నవాళ్లు, ఐటీఐ పిల్లలు, ఈమధ్య ఇద్దరు అమ్మాయిలు కూడా వచ్చారు. అందరికీ చెప్పే మాట ఒకటే. కొత్త సిస్టమ్ బిగించడం పది రోజుల్లో వచ్చేస్తుంది. పవర్ నొక్కితే ఫ్యాను తిరిగి, తెరమీద ఏమీ రాని సిస్టమ్‌ని లేపడం మాత్రం ఏడాది పాటు నేర్చుకోవాల్సిన పని. మీకు జీతం ఇచ్చేది ఆ రెండోదానికే. అందుకే నేర్చుకునే వరస కూడా దాన్నిబట్టే పెట్టుకోండి.

ముందు ఒక పాత సిస్టమ్ సంపాదించండి

కొత్త పార్టులు కొని ప్రయోగాలు చెయ్యొద్దు. బాబాయి వాళ్ల ఆఫీసులో మూలన పడేసిన డెస్క్‌టాప్ ఉంటే అడిగి తెచ్చుకోండి. లేకపోతే ఏ సర్వీసు షాపులోనైనా స్క్రాప్‌కి పక్కన పెట్టినవి ఉంటాయి. డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ కాలం నాటిదైనా పర్వాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచేసినప్పుడు సింగ్‌నగర్ నుంచి మా దగ్గరికి చాలా కేబినెట్లు వచ్చాయి. మూత తీస్తే ర్యామ్ స్లాట్లలో కూడా బురద గట్టిపడి ఉంది. బతకవని తేలినవాటిని కస్టమర్లు వదిలేసి వెళ్తే, అప్పుడు మా దగ్గరున్న కుర్రాడు వాటిమీదే పని నేర్చుకున్నాడు. పాడైపోతాయన్న భయం లేదు కాబట్టి వాడి చెయ్యి త్వరగా తిరిగింది.

పనిముట్లు ఎక్కువేం అక్కర్లేదు. మొనకి అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి బయటికి పోవడానికి దానిమీద పూసేది), 8 జీబీ పెన్‌డ్రైవ్, డిజిటల్ మల్టీమీటర్ చాలు. మల్టీమీటర్ దగ్గర మాత్రం డబ్బుకి వెనకాడకండి.

విప్పండి, ఫోటో తీయండి, మళ్లీ బిగించండి

ప్లగ్ పీకేశాక పవర్ బటన్ ఒకసారి నొక్కితే బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది. చేతి ఉంగరం, కడియం తీసేయండి. మదర్‌బోర్డు ముట్టుకునే ముందు కేబినెట్ ఇనుముని పట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. ఒక్కో కనెక్టర్ తీసేముందు ఫోటో తీసుకోండి. ఫోటో చూడకుండా బిగించగలిగేదాకా ఇదే పని చెయ్యండి.

ప్రాసెసర్ దగ్గర మాత్రం నిదానించాలి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ఏఎండీలో ఏఎం4 అనే సాకెట్ రకంలో ప్రాసెసర్ కిందే ఉంటాయి, ఏఎం5కి వచ్చేసరికి అవీ బోర్డులోకి మారాయి. ఏఎం4 మీద హీట్‌సింక్‌ని (ప్రాసెసర్‌ని చల్లబరిచే లోహపు దిమ్మ) నిలువుగా లాగితే, ఎండిన పేస్టుకి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకని సిస్టమ్‌ని పది నిమిషాలు నడిపి, పేస్టు మెత్తబడ్డాక ఆపి, ప్లగ్ తీసి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎత్తండి. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. కొత్త బోర్డు సాకెట్ మీదుండే నల్ల ప్లాస్టిక్ మూతని పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అది అడుగుతారు.

ర్యాములు రెండుంటే, నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. కేబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్న వైర్లలో పవర్ స్విచ్‌ది ఎటు పెట్టినా పనిచేస్తుంది, లైట్లవి మాత్రం ప్లస్, మైనస్ చూసుకోవాలి.

నో డిస్‌ప్లే: అసలు పని ఇక్కడే

మీరే బిగించిన సిస్టమ్‌లో డిస్‌ప్లే రాకపోతే ముందు రెండు చూడండి. ప్రాసెసర్ పక్కన పెట్టాల్సిన నాలుగు లేదా ఎనిమిది పిన్నుల పవర్ కనెక్టర్ మర్చిపోయి ఉంటారు, ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర నల్లగానే ఉంటుంది. రెండోది, ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి.

పాత సిస్టమ్ అయితే అన్నీ తీసేసి బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) మాత్రం ఉంచండి. ర్యామ్ బంగారు గీతల్ని మెత్తటి ఎరేజర్‌తో రుద్ది, పొడి దులిపి పెట్టండి. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కాకపోతే స్లాట్ మార్చండి. తర్వాత సీమాస్ బ్యాటరీ (బోర్డు మీద నాణెంలా ఉండేది) తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. అది సీఆర్2032, కొత్తదైతే 3 వోల్టులు చూపిస్తుంది. ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్: దాన్ని బోర్డు నుంచి పీకి, 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరుని నల్ల వైరుతో కలిపితే ఫ్యాను తిరుగుతుంది. తిరిగింది కదా అని బాగుందనుకోకండి. మీటర్‌తో పసుపు వైరు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు చూపించాలి, తేడా నూటికి ఐదు దాటకూడదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, లోపలి కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా షాక్ కొడతాయి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్చాక డిస్‌ప్లే వస్తే దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు. ఏ ఫాల్ట్‌కి ఏం చేశారో నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఫాల్ట్ ప్రతిసారీ డబ్బాలోనే ఉండదు. సూర్యారావుపేటలో ఒక చోట కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని రెండుసార్లు ఎస్‌ఎంపీఎస్ మార్పించుకున్నారు. నేను వెళ్లి సాకెట్‌లో మీటర్ పెట్టి చూస్తే ఎర్తే లేదు. ఎర్త్ లేనప్పుడు బాగున్న ఎస్‌ఎంపీఎస్ అయినా కేబినెట్‌కి కొద్దిగా కరెంటు వదులుతుంది. ఎలక్ట్రీషియన్ ఎర్త్ వేశాక ఫిర్యాదు మళ్లీ రాలేదు.

పనిలో చేరేటప్పుడు

పదో తరగతి పాసైనవాళ్లకి ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అని ఏడాది ట్రేడ్ ఉంది. సర్టిఫికెట్ కావాలంటే అది మంచి దారి. పెద్ద కంపెనీల్లో డెస్క్‌టాప్ సపోర్ట్ వైపు వెళ్లాలనుకుంటే కాంప్టియా ఏ ప్లస్ అనే సర్టిఫికెట్‌కి రాయొచ్చు, రెండు పరీక్షలుంటాయి. అయితే ముందు ఆరు నెలలు షాపులో చెయ్యండి అంటాను. జీతం తక్కువే ఉంటుంది. చేరేముందే "నా చేత బోర్డు పట్టనిస్తారా?" అని అడగండి. ఉదయం నుంచి రాత్రిదాకా డెలివరీలకే తిప్పే చోట మీకు పని రాదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగింది. 11 పడాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. ఏ సిస్టమ్‌కి 11 పడుతుంది, దేనికి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) వేస్తే సరిపోతుంది, ఏది మార్చేయాలి అని చూసి చెప్పగలిగితే ఆఫీసుల్లో మీతో అవసరం ఉంటుంది. దాంతోపాటు నెట్‌వర్క్ కేబుల్ క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగించడం), రౌటర్ సెట్టింగ్ నేర్చుకోండి.

కస్టమర్‌ని అడగకుండా ఎప్పుడూ ఫార్మాట్ కొట్టొద్దు. పిల్లల ఫోటోలు, పదేళ్ల అకౌంట్లు అందులోనే ఉంటాయి. ముందు బ్యాకప్ తీసి, వాళ్లకి తెరిచి చూపించి, అప్పుడే డ్రైవ్ మీద చెయ్యి వెయ్యండి.

షాపుకి అడగడానికి వెళ్లేటప్పుడు ఆ ఫాల్టుల నోట్‌బుక్ పట్టుకెళ్లండి. సాయంత్రం రద్దీలో కాకుండా పొద్దున్నే, షట్టర్ ఎత్తిన గంటలోపు వెళ్లండి. మాకు కూర్చుని అది తిరగేసే తీరిక ఉండేది అప్పుడే.