పాత కారు డ్యాష్‌బోర్డులో కొత్త స్టీరియో అమర్చుకోవడం

స్టీరియో పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు గాని, పాతికేళ్ల నాటి డ్యాష్‌బోర్డును ఒకసారి కోసేస్తే అటువంటిది మళ్లీ దొరకడం చాలా కష్టం. అందుకే ఈ పనిలో నేను రెండు నియమాలను ఎన్నడూ సడలించను. మొదటిది, కారుతో వచ్చిన ఏ భాగాన్నీ, ఏ వైరునూ కోయకుండా, రేపు ఎవరైనా పాత రేడియోను యథాస్థానంలో పెట్టుకోగలిగేటట్లు పని చేయడం. రెండవది, వైరు రంగును నమ్మకుండా, వోల్టులు, ఓమ్స్ కొలిచే మల్టీమీటరు చూపిన అంకెను మాత్రమే నమ్మడం. ఈ రెండూ పాటించే ఓపిక ఉన్నవారికి ఇది ఒక పూటలో పూర్తయ్యే పని.

అన్నిటికంటే ముందు చూడవలసింది ఖాళీ కొలత. ముందు భాగం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే కొలతను సింగిల్ డిన్ అంటారు. ఎత్తు 100 మిల్లీమీటర్లయితే అది డబుల్ డిన్. ఈ కొలత జర్మనీ ప్రమాణంగా మొదలై, 1984లో ఐఎస్ఓ 7736 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అంతకు ముందు కాలపు కార్లలో చాలావాటికి అటొక గుండీ, ఇటొక గుండీ, నడుమ సన్నని స్టేషన్ల పట్టీ ఉండే రేడియో వచ్చేది. అటువంటి డ్యాష్‌బోర్డులో సింగిల్ డిన్ పెట్టాలంటే రేకును కోయక తప్పదు, ఆ పనిని నేను ఎవరికీ సలహా ఇవ్వను. రెండు గుండీల ఆకారంలోనే లోపల బ్లూటూత్, యూఎస్‌బీ ఉండే సెట్లు ఇప్పుడు తయారవుతున్నాయి; అవి నచ్చకపోతే మామూలు సెట్టును గ్లవ్ బాక్సులోనో, డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్‌లోనో బిగించుకోవచ్చు.

వెడల్పు, ఎత్తు సరిపోయాయని సంతోషించి లోతును మరచిపోవడం చాలామంది చేసే పొరపాటు. పాత రేడియో బయటికి తీశాక, లోపల హీటరు గొట్టమో, వైపరు కడ్డీయో అడ్డం వచ్చే చోటి వరకు స్కేలుతో కొలిచి, అందులోంచి ప్లగ్గులకూ వైర్ల మలుపుకూ కనీసం 40 మిల్లీమీటర్లు తీసివేయాలి. మిగిలిన లోతు తక్కువగా ఉంటే సీడీ లేని పొట్టి సెట్టును ఎంచుకోవడం మేలు. వైపరు కడ్డీ కదిలే వస్తువు కనుక వైపర్లు ఆగి ఉన్నప్పుడు మాత్రమే కాక, తిరుగుతున్నప్పుడు కూడా అది ఎంతవరకు వస్తుందో చూసుకోవాలి.

కారు మరీ పాతదైతే బ్యాటరీ సంగతి కూడా తేల్చుకోవాలి. 1960ల మధ్య వరకు వచ్చిన కొన్ని కార్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో అనేకం బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపి తయారైనవి. నేటి సెట్లు దాదాపు అన్నీ 12 వోల్టులకూ, మైనస్ బాడీకి కలిసిన పద్ధతికీ చేసినవే. సెట్టు పైరేకు లోపల మైనస్‌తో కలిసి ఉంటుంది కాబట్టి, ప్లస్ ఎర్త్ కారులో, అంటే ప్లస్ బాడీకి కలిసిన కారులో, ఆ రేకు డ్యాష్‌బోర్డుకు తగిలిన క్షణంలోనే షార్ట్ అవుతుంది. అటువంటి కారులో ముందు కారు ఎర్త్‌ను మార్పించడమో, సెట్టును బాడీ నుంచి పూర్తిగా విడదీసే కన్వర్టరు పెట్టడమో జరగాలి. ఆ తరువాతే స్టీరియో మాట.

మైనస్ బాడీకి కలిసిన కారులో పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ కేబులును ముందు విప్పాలి. ప్లస్‌ను ముందు విప్పబోతే, స్పానరు పొరపాటున బాడీకి తగిలినప్పుడు భారీ కరెంటు దాని గుండానే పారుతుంది. మైనస్ విప్పి ఉంటే ఆ ప్రమాదం ఉండదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే, కేబులు విప్పాక కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, ఆ తరువాతే డ్యాష్‌బోర్డు మీద చేయి వేయాలి. పాత రేడియోకు సెక్యూరిటీ కోడ్ ఉంటే దాన్ని ముందుగానే రాసి పెట్టుకోవాలి.

పాత ప్లాస్టిక్ ఎండలో ఎండి ఎండి పెళుసుబారి ఉంటుంది. రేడియో చుట్టూ ఉన్న ఫ్రేమును స్క్రూడ్రైవరుతో ఎత్తబోతే క్లిప్పులు విరగడమే కాక అంచున గాటు పడుతుంది. అంచుల మీద టేపు అంటించి, ప్లాస్టిక్ పుల్లతో కొద్దికొద్దిగా, ఒక్కొక్క క్లిప్పు దగ్గరా ఆగుతూ లేపాలి. కదలనప్పుడు బలం ఉపయోగించడం కంటే, కనిపించని స్క్రూ ఎక్కడో ఉందని అనుకుని వెతకడం మంచిది. యాష్‌ట్రే వెనుక, గుండీల మూతల కింద అవి దాగి ఉండడం మామూలే. కొన్ని రేడియోలకు ముందువైపు చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిలోకి రేడియోను బయటికి లాగే కడ్డీలు దూర్చితేనే పక్కనున్న స్ప్రింగులు వదులుతాయి. ప్రతి ప్లగ్గునూ విప్పే ముందు ఒక ఫొటో తీసుకోవడం మరవకూడదు.

ఇక వైర్ల సంగతి. మార్కెట్లో దొరికే కొత్త సెట్లలో చాలావరకు ఒకే రంగుల పద్ధతి ఉంటుంది. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. గడియారం, స్టేషన్ల జ్ఞాపకం దానిమీదే నిలుస్తాయి. ఎరుపు వైరుకు తాళంచెవి తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. నారింజ రంగుది రాత్రి వెలుతురు తగ్గించడానికి, నీలం ఏంటెన్నా మోటారుకు, నీలం మీద తెల్లచార ఉన్నది విడిగా పెట్టే యాంప్లిఫయరును మేల్కొల్పడానికి. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. ప్రతి జతలో నల్లచార ఉన్నది మైనస్. అయితే ఇవన్నీ సెట్టు వైపు రంగులు. కారు వైపు రంగులకు వీటితో ఏ సంబంధమూ ఉండదు, పైగా పాత కారులో మధ్యలో ఎవరెవరు ఏ వైరు మార్చారో బయటికి కనిపించదు.

అందుచేత వైరు కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, బ్యాటరీని తిరిగి కలిపి, మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల పుల్లను బాడీ రేకుకు ఆనించి, ఎర్ర పుల్లతో ఒక్కొక్క వైరునూ పరీక్షించాలి. తాళంచెవి తీసి ఉన్నప్పుడు కూడా సుమారు 12.6 వోల్టులు చూపే వైరు పసుపుకు వెళ్లవలసింది. తాళంచెవి తిప్పితే వచ్చి, తీస్తే పోయేది ఎరుపుకు. పార్కింగ్ లైట్లు వేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చేది నారింజకు. తేలిన ప్రతి వైరుకూ అప్పటికప్పుడే కాగితపు చీటీ చుట్టి పేరు రాయాలి, ఎందుకంటే పది నిమిషాల తరువాత ఏది ఏదో గుర్తుండదు.

కారులో రెండు ఎనిమిది పిన్నుల ఐఎస్ఓ ప్లగ్గులు, ఒకటి కరెంటుకు, మరొకటి స్పీకర్లకు, ఉంటే పని చాలా సులువు. అయినా అక్కడ ఒక చిక్కు ఉంది. ప్రమాణం ప్రకారం కరెంటు ప్లగ్గులో నాలుగో పిన్నుకు ఎప్పుడూ ఉండే కరెంటు, ఏడో పిన్నుకు తాళంచెవి కరెంటు రావాలి గాని, కొన్ని కార్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. కారు ఆపిన ప్రతిసారీ స్టేషన్లూ సెట్టింగులూ చెరిగిపోతుంటే కారణం దాదాపు ఇదే. ఇందుకోసమే చాలా సెట్ల పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో విప్పి మార్చుకునే బుల్లెట్ జాయింట్లు ఇస్తారు. రెండు వైర్లనూ ఎప్పుడూ ఉండే కరెంటుకు కలిపితే మరొక నష్టం: తాళంచెవి తీసినా సెట్టు తనంతట తాను నిద్రపోదు, బ్యాటరీ దిగిపోవచ్చు.

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ స్పీకరు వైర్ల మీద పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. పరిచయస్థుల పాత కారులో ఒకసారి సెట్టు బిగించి ఆన్ చేస్తే, పాట రెండు క్షణాలు వినబడి ఆగిపోయింది. తెర వెలుగుతూనే ఉంది, శబ్దం మాత్రం లేదు. మళ్లీ ఆన్ చేసినా అంతే. చివరికి డ్యాష్‌బోర్డు కింద టార్చిలైటు వేసి చూస్తే, రెండు ముందు స్పీకర్ల మైనస్ వైర్లూ ఒకే స్క్రూ కింద, తుప్పు పట్టిన బాడీ రేకుకు బిగించి కనబడ్డాయి. అది ఎవరి తప్పూ కాదు. ఆ కాలపు రేడియోలకు ఆ పద్ధతి సరిపోయేది. ఒక వైరు రేడియో నుంచి వెళ్లేది, రెండోది బాడీకి కలిసేది.

నేటి సెట్లలో ప్రతి స్పీకరునూ రెండు వైపుల నుంచీ రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా నడుపుతాయి. స్పీకరు మైనస్ అని మనం పిలిచే వైరులో కూడా బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే ఇంచుమించు 6 వోల్టులు ఉంటాయి. దాన్ని బాడీకి కలపడమంటే యాంప్లిఫయరును షార్ట్ చేయడమే. మంచి సెట్టు తనను తాను ఆపివేసి బతుకుతుంది, రక్షణ లేనిది కాలిపోతుంది. అందువల్ల సెట్టును కలపక ముందే మీటరును ఓమ్స్ (విద్యుత్ నిరోధం) మీద పెట్టి, ప్రతి స్పీకరు వైరుకూ బాడీకీ మధ్య చూడాలి. ఏ వైరూ బాడీతో కలిసినట్టు చూపకూడదు. ఒక స్పీకరు వైరుకూ మరో స్పీకరు వైరుకూ మధ్య కూడా సంబంధం ఉండకూడదు. ఉంటే పాత వైరింగును అలాగే వదిలి, ప్రతి స్పీకరుకూ రెండేసి కొత్త వైర్లు లాగడమే సరైన మార్గం, 0.75 నుంచి 1 చదరపు మిల్లీమీటరు వైరు ఇందుకు చాలు.

అదే సమయంలో ఒకే స్పీకరు రెండు కొసల మధ్య ఓమ్స్ చూస్తే, 4 ఓమ్స్ స్పీకరు సాధారణంగా 3 కు పైన, 4 కు లోపల చూపుతుంది. ఏ వైరు ప్లస్సో తెలియనప్పుడు చిన్న 1.5 వోల్టుల సెల్లు తీసుకుని, రెండు కొసలనూ దానికి క్షణకాలం తాకించాలి. టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, జాలీ తీసి చూస్తే స్పీకరు కాగితం కొద్దిగా కదులుతుంది. ముందుకు వచ్చిందంటే సెల్లు ప్లస్‌కు తగిలిన కొస స్పీకరు ప్లస్. లోపలికి పోయిందంటే తిరగబడినట్టు. ఒక్క స్పీకరు తిరగబడినా శబ్దం వస్తుంది, కాని ఒక కాగితం ముందుకు తోసే గాలిని మరొకటి వెనక్కి లాగుతుంది కనుక తబలా, మృదంగం వంటి బరువైన ధ్వనులు పలచబడిపోతాయి. పాట ఎందుకు నిండుగా లేదో తెలియక కొత్త స్పీకర్లు కొనేవారు ఈ పరీక్ష ఒక్కటి ముందు చేసి చూడాలి.

ఎర్త్‌ను నలుపు వైరు రంగు చూసి కాక, రేకు మెరుపు చూసి కలపాలి. డ్యాష్‌బోర్డు వెనుక గట్టి బాడీ రేకు మీద ఒక బోల్టు ఎంచుకుని, రంగును ఉప్పుకాగితంతో రుద్ది లోహం తేల్చి, రింగు టెర్మినలు పెట్టి, పళ్ల వాషరుతో బిగించాలి. సెట్టు గట్టిగా పాడుతున్నప్పుడు ఆ ఎర్త్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 వోల్టుకు మించకపోతే ఎర్త్ బాగున్నట్టు. యాక్సిలరేటరు తొక్కే కొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతుంటే మొదట అనుమానించవలసింది ఎర్త్‌నే.

జాయింట్ల విషయంలో పిసికి మెలిపెట్టి టేపు చుట్టడం నాకు సమ్మతం కాదు. ఎండకు టేపు జిగురు కరిగి, చుట్లు ఊడి, రాగి బయటపడుతుంది. అక్కడ పక్కనే రేకు ఉంటుంది. ఆ కారు ప్లగ్గులకు నేరుగా అమరే కప్లరు వైరింగు విడిగా దొరికితే, సెట్టు వైర్లను దానికే బల్ల మీద కూర్చుని కలుపుకోవాలి. క్రింపు చేసినా (లోహపు గొట్టంలో పెట్టి నొక్కినా), టంకం వేసినా, పైన వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. కప్లరు వాడడం వల్ల కారు వైరు ఒక్కటీ కోయకుండా మిగులుతుంది.

పాత కారు రేడియో ఫ్యూజు తరచుగా 5 ఆంపియర్లే ఉంటుంది, వైరు కూడా దానికి తగ్గ సన్ననిదే. కొత్త సెట్టు వెనుక 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పాత ఫ్యూజు పోతున్నదని పెద్దది వేస్తే, పోవలసిన ఫ్యూజు నిలిచి వైరు కాలుతుంది. అందుకు బదులు బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి వేరుగా లాగి, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజు పెట్టి, రేకు దాటే చోట రబ్బరు బుష్ తొడిగి, దాన్ని పసుపు వైరుకు కలపాలి. ఎరుపుకు పాత తాళంచెవి వైరే సరిపోతుంది.

అన్నీ కలిపాక సెట్టును లోపలికి నెట్టకుండా సీటు మీద బట్ట పరిచి, దానిపై ఉంచి నడిపి చూడాలి. బ్యాలెన్సునూ (ఎడమ-కుడి) ఫేడరునూ (ముందు-వెనుక) నాలుగు మూలలకూ తిప్పి, ఏ మూలకు తిప్పితే ఆ మూల స్పీకరే పలుకుతున్నదో లేదో వినాలి. రేడియో బలహీనంగా ఉంటే ఏంటెన్నా తీగను పరీక్షించాలి: ప్లగ్గు నడిమి పిన్నుకూ ఏంటెన్నా కడ్డీకీ కలయిక ఉండాలి, నడిమి పిన్నుకూ బయటి గొట్టానికీ ఉండకూడదు. ప్లగ్గు రకం కుదరకపోతే అడాప్టరు వాడాలి.

అప్పుడు సెట్టు కూర్చునే ఇనుప తొడుగును ఖాళీలో పెట్టి, గట్టిగా పట్టే నాలుకలను మాత్రమే వెనక్కి వంచాలి. వైర్లను గుడ్డ టేపుతో కట్టగా చుట్టి, సెట్టు వెనుక కాక కింది ఖాళీలోకి జార్చితే సెట్టు అడ్డం లేకుండా లోపలికి పోతుంది. చివరి రెండు అంగుళాల్లో బలం అవసరమైతే ఏదో వైరు నలుగుతున్నదని అర్థం, బయటికి తీసి మళ్లీ సర్దాలి. వెనుక బోల్టుకు బ్రాకెట్టో రబ్బరు బుష్షో తప్పక ఇవ్వాలి. ముందు తొడుగు ఒక్కటే మోస్తే గతుకుల రోడ్డు మీద బరువంతా పాత ప్లాస్టిక్ మీద పడి అది పగులుతుంది.

మర్నాడు ఉదయం కారు స్టార్టు చేయక ముందు బ్యాటరీ వోల్టేజీ ఒకసారి చూసుకోవాలి. తరువాత ఏ వైరు ఎక్కడ కలిపారో ఒక కాగితం మీద గీసి, తీసిన స్క్రూలతో, పాత రేడియోతో కలిపి ఒక డబ్బాలో పెట్టి, కారు అమ్మేటప్పుడు కొనేవారి చేతికివ్వాలి.