పాత మిలిటరీ తుపాకీతో జింక వేటకు పోయే ముందు

అల్లుడా, టెక్సస్‌లో లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 అనే పాత బ్రిటిష్ మిలిటరీ రైఫిల్ కొన్నానని ఫోటో పంపావు. ఫౌజులో ఆయుధాల స్టోరులో పనిచేసినోణ్ణి, దేవరకొండ నుంచే చెప్తున్నా, విను.

ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడు, వేలు పెట్టి చూడు. నిల్వ సరుకుకు గ్రీజు దట్టంగా పూసి ఉంటుంది, బోరుమోటరు బేరింగుకు పట్టించినట్టు. కిరోసిన్ గుడ్డతో తుడువు. తూటా కూర్చునే గదిలో కొంచెం మిగిలినా ఖాళీ డొక్కు ఇరుక్కుంటుంది.

తూటా గదిని వెనక నుంచి మూసే కడ్డీని బోల్టు అంటారు. దాని తలకాయ మీద 0 నుంచి 3 దాకా ఏదో ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ తలకాయ పొడుగు. కొలత చూడకుండా మార్చొద్దు, అక్కడి గన్‌స్మిత్‌కు చూపించు. ఈ పనికి డబ్బు చూసుకోకు.

తుపాకీకున్న కట్టె కోయకు. నాకైతే కోసిన తుపాకీ చూస్తే కడుపు మండుతుంది. స్కోపు కావాలంటే రంధ్రం పెట్టకుండా బిగించే మౌంటు తీసుకో.

పెద్ద రంధ్రమున్న సైటు 300 గజాలకు పెట్టింది, 100 గజాల దగ్గర గుండు పైకి పోతుంది. మిలిటరీ తూటా విచ్చుకోకుండా దూసుకుపోయి జింకను గాయపరిచి వదిలేస్తుంది. వేటకు మెత్తటి ముక్కున్న తూటాలే కొను. రేంజిలో పాత తూటాలు కాలిస్తే అదే రోజు గొట్టంలో వేడినీళ్లు పోసి, ఆరాక నూనె పెట్టు. లేకపోతే ఆ తూటాలు వదిలిన ఉప్పు గొట్టాన్ని తినేస్తుంది.

ఇక్కడ మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, వేట కుదరదు. మక్తల్ వైపు కృష్ణజింకలు చేన్లో పడ్డా అదిలించడమే.

100 గజాల నుంచి గురిపెట్టి కాల్చిన టార్గెట్ కాగితం ఫోటో పంపు.