రీపర్‌లో గొంతు, మిడీ ఎడిటింగ్: ఎక్కడ కోయాలి, ఎక్కడ వదిలేయాలి

పాట రికార్డయిపోయింది. గొంతు నాలుగైదు టేకులు ఉంది, దాని కింద కీబోర్డు మీద వాయించిన వేణువో వీణో మిడీగా, అంటే శబ్దంగా కాకుండా ఏ నోటు ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కారన్న సమాచారంగా ఉంది. చాలామంది ముందు మిడీ తెరిచి అంతా గ్రిడ్‌కి, అంటే తెర మీది తాళం గీతలకి అతికించేసి, తర్వాత గొంతు దానితో కలవడం లేదని తల పట్టుకుంటారు. ముందు గొంతు తేల్చండి, మిడీని తర్వాత దానికి తగ్గట్టు సర్దండి. మిడీ నోటు ఎటు జరిపినా దాని శబ్దం పాడవదు, గొంతుని మాత్రం సాగదీసిన కొద్దీ తెలిసిపోతుంది.

నేను రీపర్ అనే రికార్డింగ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, మామూలు లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి మీటలు మారతాయి, పని ఇదే. ఇక్కడ చెప్పే మీటలు విండోస్‌వి.

మొదట ఒక చిన్న సెట్టింగ్. ట్రాక్ మీద రైట్‌క్లిక్ చేస్తే ట్రాక్ టైమ్‌బేస్ అని ఉంటుంది, గొంతు ట్రాక్‌కి దాన్ని 'టైమ్' మీద పెట్టండి. అలా పెట్టకపోతే తర్వాత టెంపో మార్చినప్పుడు గొంతు ముక్కలు చోటు మారిపోతాయి, సాగిపోతాయి కూడా. మిడీని మాత్రం 'బీట్స్' మీదే ఉంచాలి. క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) లేకుండా పాడిన పాటైతే గ్రిడ్‌ని గొంతుకి తగ్గట్టు మార్చడమే మేలు: ఒక ఆవర్తనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టైమ్ సెలెక్షన్ చేసి 'క్రియేట్ మెజర్ ఫ్రమ్ టైమ్ సెలెక్షన్' ఇస్తే, అక్కడి టెంపో రీపరే లెక్కేసుకుంటుంది. పాటంతా ఇలా చేయాలంటే విసుగే, కానీ ఈ పని అయ్యాక మిడీ ఎడిటింగ్ సగం తేలికవుతుంది. మిశ్ర చాపు పాటని 4/4లోనే వదిలేసి బార్ గీతలు ఎందుకు కలవడం లేదని అడిగేవాళ్లూ ఉన్నారు. టైమ్ సిగ్నేచర్ 7/8 చేసుకోండి, తకిట తకధిమి అని లెక్కపెడితే గీతలు కచ్చితంగా కూర్చుంటాయి.

ఇప్పుడు గొంతు. రీపర్ 7 నుంచి, అంటే 2023 నుంచి, ట్రాక్‌లో లేన్లు వచ్చాయి, టేకులన్నీ ఒకదాని కింద ఒకటి పరుచుకొని ఏ టేకులో ఏ ముక్క బాగుందో అది గీసి ఎంచుకోవచ్చు. పాత పద్ధతే అలవాటైతే ఎస్ నొక్కి కోసి, టీ నొక్కుతూ టేకులు మార్చుకోండి. పల్లవి ఒక టేకు నుంచి, చరణం ఇంకో టేకు నుంచి తీసుకోవడంలో ఇబ్బంది లేదు. ఒకే మాటలో రెండు అక్షరాలకి రెండు టేకులు అతికించడం మొదలుపెట్టారంటే మాత్రం ఆ లైను మళ్లీ పాడించడమే త్వరగా అయ్యే పని.

ఎక్కడ కోయాలి అన్నదే అసలు విషయం. తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాటలో ఆ అచ్చుని సాగదీస్తాం కూడా, కాబట్టి ఒక మాట ముగిసి ఇంకో మాట మొదలయ్యే చోట ఖాళీ దొరుకుతుందని అనుకోకండి. క, ట, త, ప పలికే ముందు నోరు ఒక్క క్షణం పూర్తిగా మూసుకుంటుంది, అక్కడ వేవ్‌ఫారం దాదాపు చదునుగా ఉంటుంది, కోత పడాల్సింది అక్కడే. 'అక్కడ', 'ఎప్పుడు' లాంటి మాటల్లో ద్విత్వం దగ్గర ఈ ఖాళీ ఇంకా పొడుగ్గా ఉంటుంది, అది ఎడిట్ చేసేవాడికి వరం. గ, ద, బ దగ్గర లోపల గొంతు కొద్దిగా మోగుతూనే ఉంటుంది, పనికొస్తుంది గానీ జాగ్రత్తగా చూసుకోవాలి. స, శ దగ్గర ఆ సర్రుమనే శబ్దంలోనే క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) పెడితే అతుకు వినపడదు. అచ్చు మధ్యలో, అందులోనూ గమకం మధ్యలో కోయడం చివరి దారి, తప్పనిసరైతే రెండు టేకుల్లోనూ స్వరం ఒకే చోట ఉన్న క్షణం వెతికి, క్రాస్‌ఫేడ్ కాస్త పొడుగ్గా ఇవ్వండి. ఆల్ట్ ఎక్స్‌తో ఆటో క్రాస్‌ఫేడ్ ఆన్ చేసుకుంటే ముక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చినప్పుడు దానంతటదే పడుతుంది.

ఊపిరి శబ్దాల్ని మొత్తం కోసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు, పాడేది మనిషి కాదన్నట్టు అనిపిస్తుంది. ఊపిరి ముక్కని విడిగా కోసి దాని వాల్యూమ్ 8 నుంచి 10 డీబీ తగ్గిస్తే సరిపోతుంది. ముక్కలు జరిపేటప్పుడు రిపుల్ ఎడిటింగ్ ఆన్‌లో ఉందేమో ఒకసారి చూసుకోండి, అది ఆల్ట్ పీతో మారుతుంది. ఆన్‌లో ఉంటే ఒక ముక్క జరిపినప్పుడు దాని వెనకున్నవన్నీ జరుగుతాయి, అది మీరు చూసుకునేసరికి పాట చివరంతా తాళం తప్పి ఉంటుంది.

శ్రుతి సరిచేసే విషయంలో నా మాట ఒకటే: ఆటోమేటిక్ వద్దు. ఏ రాగమైనా గమకం స్వరాల మధ్యలో తిరుగుతుంది, సాఫ్ట్‌వేర్‌కి అది తప్పుగా కనబడి దగ్గరున్న స్వరానికి లాగేస్తుంది. నిలకడగా పట్టుకున్న స్వరం కాస్త కిందుంటే రీపర్‌తోనే వచ్చే శ్రుతి ప్లగిన్ రీట్యూన్‌లో చేత్తో అదొక్కటే పైకి లేపండి, మిగతాది తాకకండి.

గొంతు తేలాక మిడీ తెరవండి. ముందు మొత్తం ట్రాక్ ఒకే తీరుగా ఆలస్యంగా ఉందేమో వినండి. అలా ఉంటే అది వాయింపు తప్పు కాదు, లేటెన్సీ, అంటే కంప్యూటర్ వల్ల శబ్దం ఆలస్యంగా వినపడటం. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో బఫర్ 256 శాంపిల్స్ అంటే దాని ఒక్కదానికే 5 మిల్లీసెకన్లు పైన, బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకొని వాయించారంటే ఇంకా చాలా ఎక్కువ. అప్పుడు నోట్లు ఒక్కొక్కటీ సర్దకుండా ఐటెమ్ (ట్రాక్ మీద కనబడే ముక్క) మొత్తాన్ని కొద్దిగా ఎడమవైపుకి జరపండి.

ఆ తర్వాతే క్వాంటైజ్, అంటే నోట్లని గ్రిడ్ గీతల మీదికి లాగడం. స్ట్రెంత్ నూటికి నూరు ఇస్తే డ్రమ్ మెషీన్‌కి బాగుంటుంది, తబలా, ఢోలక్ శాంపిల్స్‌కి మాత్రం ప్రాణం పోతుంది. 50, 60 శాతం ఇవ్వండి, నోట్లు గ్రిడ్ వైపు జరుగుతాయి గానీ వాయించిన చేయి కనబడుతుంది. వేణువు, వీణ, వయొలిన్ లాంటి లైన్లకి నేనైతే క్వాంటైజే వాడను, గొంతుతో పాటు వింటూ తప్పిన నోట్లని మాత్రమే చేత్తో జరుపుతాను.

పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే సమాచారం) దగ్గరే ఎక్కువ తలనొప్పి. నోట్లు క్వాంటైజ్ అయ్యాక వాటితోపాటు బెండ్ పాయింట్లు కూడా జరిగాయో లేదో చూడండి, జరగకపోతే గమకం ఒక నోటు మీద మొదలై పక్క నోటు మీద పడుతుంది. బెండ్ మధ్యలో ఐటెమ్ కోస్తే తర్వాతి నోట్లన్నీ అపశ్రుతిలోనే ఉండిపోవచ్చు, కొత్త ముక్క మొదట్లో బెండ్ సున్నా పాయింట్ పెడితే సరిపోతుంది. ఇంకొకటి, చాలా వాయిద్యాల్లో బెండ్ రేంజ్ అటూ ఇటూ రెండు అరస్వరాలే. మీరు దానికి తగ్గట్టు వాయించిన లైనుని 12 అరస్వరాల రేంజ్ ఉన్న వాయిద్యానికి మారిస్తే చిన్న కంపితం కాస్తా పెద్ద జారుడవుతుంది. మిడీలో ఎంత వంచారన్నదే ఉంటుంది, అది ఎన్ని స్వరాలకి సమానమో వాయిద్యమే నిర్ణయిస్తుంది. వాయిద్యం మార్చిన వెంటనే దాని సెట్టింగ్‌లో రేంజ్ చూసుకోండి.

పెడల్ వాడితే అదే కథ. పెడల్ (స్వరాన్ని మోగుతూ ఉంచేది) సమాచారం మిడీలో సీసీ 64 అనే కంట్రోల్ నంబరులో ఉంటుంది. పెడల్ తొక్కిన చోటు మిగిలి, వదిలిన చోటు కోతలో పోతే స్వరాలన్నీ పాట అయిపోయేదాకా మోగుతూనే ఉంటాయి. అక్కడ విలువ సున్నా ఉన్న పాయింట్ ఒకటి పెట్టండి. వెలాసిటీ, అంటే నోటుని ఎంత గట్టిగా కొట్టారన్నది, 1 నుంచి 127 దాకా ఉంటుంది, అన్ని దెబ్బలూ 100 దగ్గర నిలబెట్టేస్తే వినడానికి మొద్దుగా ఉంటుంది, సమం మీద దెబ్బ గట్టిగా, మిగతావి కొంచెం తగ్గించి చూడండి.

అంతా కుదిరాక ప్రాజెక్టుని కొత్త పేరుతో సేవ్ చేసుకొని, ఆ కాపీలోనే గొంతు ముక్కల్ని గ్లూ చేయండి (ఒకే ముక్కగా కలపండి), మిడీని ఆడియోగా రెండర్ చేయండి. పాట వీడియోకి అయితే 48 కిలోహెర్ట్జ్ ఉంచండి. ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ డైరెక్టరీని శుభ్రం చేసే ఆప్షన్ ఉంది, వాడని ఫైళ్లన్నీ చూపించి తీసేస్తుంది. పాట బయటికి వెళ్లేదాకా దాని జోలికి పోవద్దు, ఆ వాడని ఫైళ్లలోనే మీరు పక్కన పెట్టిన టేకులు ఉంటాయి, మూడో చరణం మళ్లీ మార్చమని పాడినవాళ్లు ఆఖరి నిమిషంలో అడిగితే అవే కావాలి.