జవాబులో కథే ఉంది, ఆలోచన లేదు: సాహిత్యం బోధించే టీచర్లకు సమస్యలు - పరిష్కారాలు

హైస్కూల్ తరగతిలో సాహిత్యం చెప్పేటప్పుడు తరచూ ఎదురయ్యే చిక్కులివి. పైకి ఒకేలా కనిపించే లక్షణానికి రెండు మూడు కారణాలుంటాయి. కారణం తేల్చుకోకుండా "ఇంకా శ్రద్ధగా చదువు" అంటే వినే పిల్లవాడికి చేయడానికేమీ దొరకదు.

లక్షణం: "చదివాను, కానీ అర్థం కాలేదు"

పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేరా పైకి చదివించండి. తడబాటు మాటల దగ్గరే అయితే, తెలియని మాటల కింద గీత గీయించి లెక్కపెట్టండి. 100 మాటల్లో 5కి మించితే ఆ పాఠం ఒంటరిగా చదవడానికి బరువే. ఏ మాటలు తెలియకపోతే కథ ముందుకు కదలదో అలాంటివి ఆరేడు ఏరి, చదవకముందే చెప్పేయండి. ముప్పై మాటల జాబితా ఇస్తే ఒక్కటీ నిలవదు.

గడగడా చదివేసి, ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పలేకపోతే ఇబ్బంది వేరే చోట ఉంది. తెలుగు వాక్యంలో కర్తను తరచూ వదిలేస్తాం. సంభాషణల్లోనైతే "అన్నాడు", "అంది" కూడా లేకుండా నాలుగైదు పంక్తులు నడిచిపోతాయి. అలాంటి పుట ఒకటి తీసుకుని ప్రతి క్రియ పైనా పెన్సిల్‌తో కర్త పేరు రాయించండి. ఎక్కడ దారి తప్పాడో ఆ పుటలోనే కనిపిస్తుంది.

లక్షణం: వ్యాసం అడిగితే కథాసారాంశం వస్తుంది

అన్నిటికంటే మొండిది ఇదే. పిల్లల బద్ధకం వల్ల వచ్చేది తక్కువ, మనం అడిగిన ప్రశ్న వల్ల వచ్చేదే ఎక్కువ. "తండ్రి పాత్రను వివరించండి" అంటే, తండ్రి చేసిన పనులన్నీ వరసగా చెప్పడమే న్యాయమైన జవాబు.

ప్రశ్నను చిన్నది చేయండి. మొత్తం కథ కాకుండా పది పన్నెండు పంక్తులు, అందులో ఒక్క మాట. ఉదాహరణకు ఊరు విడిచి వెళ్తున్న తండ్రి గడప దాటుతూ "మళ్లీ వస్తాలే" అన్నాడనుకోండి. "లే" తీసేసి చదివించండి: "మళ్లీ వస్తాను." ఏం మారింది? రెండోది మాట ఇవ్వడం. మొదటిది ఊరడింపు కావచ్చు, ఇక ఆ సంగతి వదిలేయమని తప్పించుకోవడం కావచ్చు. ఏది సరైనదో చుట్టూ ఉన్న పంక్తుల్లోంచి నిరూపించమనండి. అక్కడ మొదలవుతుంది వ్యాఖ్యానం. ఒక మాట తీసి చూడటం, దాని బదులు ఇంకో మాట పెట్టి చూడటం కథకైనా పద్యానికైనా పనికొస్తుంది.

రాసేటప్పుడు మూడు కట్టుబాట్లు పెట్టండి. కథ చెప్పడానికి రెండు వాక్యాలే. ఉటంకింపు ఆరు మాటలకు మించకూడదు. ప్రతి ఉటంకింపు వెనక దాని గురించి కనీసం రెండు వాక్యాలుండాలి. పొడవాటి ఉటంకింపు చాలాసార్లు ఆలోచన లేని చోటును కప్పే దుప్పటి. ఈ లెక్కలు శాశ్వతం కావు; అలవాటు పడ్డాక ఎత్తేయండి, లేకపోతే అందరి వ్యాసాలూ ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతాయి.

లక్షణం: ప్రతి కథా "మనకు ఒక నీతి నేర్పుతుంది"

ఏ కథకైనా సరిపోయే వాక్యం ఏ కథ గురించీ చెప్పదు. "ఈ కథ ప్రేమ గొప్పదంటుంది" అని రాస్తే, దాని చివర "కానీ" చేర్చి కథలోంచే వాక్యం పూర్తి చేయమనండి.

లక్షణం: వాక్యం మొదలైన చోటుకీ ముగిసిన చోటుకీ పొంతన లేదు

"వచ్చి, చూసి, అనుకుని" అంటూ అసమాపక క్రియలు గొలుసుగా పేరుకుపోవడం వల్ల వస్తుంది. ఆ గొలుసులో మామూలుగా కర్త ఒకరే ఉండాలి. "రాముడు ఉత్తరం చదివి తల్లి ఏడ్చింది" అన్న వాక్యం అందుకే కుంటుతుంది; "రాముడు ఉత్తరం చదవగానే తల్లి ఏడ్చింది" అంటే సరిపోతుంది. ముందు కర్తలను గుర్తించమనండి. ఒకే వాక్యంలో అసమాపక క్రియలు మూడు దాటితే విరగ్గొట్టమనండి. పొడవు తప్పని కాదు. చెయ్యి తిరిగినవారు పది క్రియలనైనా ఒక్క వాక్యంలో నడపగలరు. నేర్చుకునేవారికి మూడు చాలు.

లక్షణం: ఎర్ర సిరాతో దిద్దినా అవే తప్పులు

దిద్దే పని టీచర్ చేశారు, కాబట్టి నేర్చుకున్నదీ టీచరే. తప్పున్న పంక్తి పక్కన మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి వదిలేయండి. తప్పేదో వాళ్లే వెతుక్కుంటారు. ఒక విడతకు రెండు రకాల తప్పులే చూడండి, మిగతావి కనిపించినా ఊరుకోండి. చేతులు దురద పెడతాయి, నిజమే.

మార్కును వెంటనే వేయకండి. విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇస్తే ఆ లాభం పోయింది. ఆ పిల్లలు హైస్కూల్ కంటే చిన్నవాళ్లే, అయినా మార్కు కనపడగానే వ్యాఖ్య చదవడం మానేసే అలవాటు ఏ తరగతిలోనైనా చూడొచ్చు. తిరగరాశాకే మార్కు.

లక్షణం: ప్రశ్న వేస్తే తరగతి మౌనం

చాలాసార్లు మనం ఆగింది ఒక్క సెకనే. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదులను గమనించి చెప్పింది ఇదే: కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మాట్లాడేవారూ పెరుగుతారు. సాహిత్యానికి అదీ చాలదు. ముందు 2 నిమిషాలు కాగితం మీద రాయనిచ్చి, ఆ తర్వాత అడగండి.

లక్షణం: గైడులోంచో, కంప్యూటర్‌లోంచో ఎత్తిన జవాబు

మొదటి చిత్తుప్రతి తరగతిలోనే, 15 నిమిషాలు, చేత్తో రాయించి తీసుకోండి. ఇంటి నుంచి వచ్చిన ప్రతికి దాన్ని జతచేయమనండి. అప్పటికీ అనుమానం ఉంటే నిలదీయకుండా, జవాబులోని ఒక వాక్యం చూపించి "ఇది కథలో ఏ పంక్తి చూసి అనిపించింది?" అని అడగండి. సొంతంగా రాసినవాళ్లు కాస్త తడుముకున్నా ఆ పుట తిప్పుతారు.