ఆంటిపాస్తో పళ్ళెం: క్రిస్మస్ విందుకు ముందు జాగ్రత్తలు

ఇటలీలో క్రిస్మస్ విందు ఆంటిపాస్తోతోనే మొదలవుతుంది. ఆ మాటకు భోజనానికి ముందు వడ్డించేది అని అర్థం. ఆ తరువాత పాస్తా, మాంసం, తీపి వరుసగా రానున్నాయి కనుక, ఈ పళ్ళెంలో తిన్నదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

ముందుగా ఉప్పు సంగతి చూడాలి. పార్మా ప్రొషూత్తోను పంది తొడ మాంసానికి ఉప్పు పట్టించి, నెలల తరబడి ఆరబెట్టి తయారుచేస్తారు. తడి ఆరేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. వెలుతురు కనిపించేంత పలుచగా కోసిన ఆ ముక్కలు 30 గ్రాములు, సలామి (ఉప్పు, మసాలా కలిపి ఆరబెట్టిన మాంసపు సాసేజ్) 30 గ్రాములు, పార్మిజానో చీజ్ ఒక చిన్న ముక్క, పది ఆలివ్ కాయలు తింటే సుమారు 4 గ్రాముల ఉప్పు ఒంట్లో చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి సూచించే పరిమితి 5 గ్రాముల లోపే. రక్తపోటు ఉన్నవారు మాంసాల్లో ఏదో ఒకటే ఎంచుకుని, ఉప్పు వేయకుండా చేసే టస్కనీ రొట్టెతో తినడం మేలు.

గర్భిణులు పచ్చి ప్రొషూత్తో, సలామి, గోర్గొంజోలా వంటి మెత్తని నీలి చీజ్‌లకు దూరంగా ఉండాలి. టాక్సోప్లాస్మా, లిస్టీరియా అనే క్రిముల ముప్పు కడుపులోని బిడ్డకూ ఉంటుంది. మోర్తదెల్లా అనే ఉడికించిన పంది మాంసపు సాసేజ్‌లో తరచుగా పిస్తా పలుకులు ఉంటాయి కనుక, అవి పడనివారు ముందే అడగాలి. బ్రెజావోలా అనే ఆరబెట్టిన మాంసం సాధారణంగా గొడ్డు మాంసమని, పార్మిజానో పాలను దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ అనే పదార్థంతో విరగగొడతారని మన శాకాహారులకు చాలామందికి తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఇంట్లో నూనెలో నిలవబెట్టిన వంకాయ, పుట్టగొడుగుల సీసాల విషయంలో. మన ఆవకాయలో ఉండేంత ఉప్పు, పులుపు వీటిలో ఉండకపోవచ్చు. పైగా నూనె గాలిని అడ్డుకుంటుంది కనుక, గాలి లేనిచోట పెరిగి, బొటులిజం అనే ప్రాణాంతక విషబాధ కలిగించే క్రిమికి అనువు దొరుకుతుంది. అందుకే ముక్కలను ముందు వెనిగర్‌లో ఉడికించారో లేదో ఇంటివారిని మొహమాటపడకుండా అడగాలి. మూత ఉబ్బిన సీసాను రుచి చూడకుండా పారవేయాలి. ఉబ్బనంత మాత్రాన, వాసన బాగున్నంత మాత్రాన క్షేమమని అనుకోరాదు. తిన్న కొన్ని గంటలకో, కొన్ని రోజులకో చూపు రెండుగా కనిపించినా, రెప్పలు వాలిపోయినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, ఏ సీసాలోది తిన్నారో వైద్యులకు చెప్పాలి.