వైరుతో కొంగ చేసే ముందు ఇవి చూసుకోండి

ముందు వైరు కొనకండి. పొద్దున్నే కృష్ణ ఒడ్డుకి వెళ్లి ఓ అరగంట కొంగల్ని చూడండి, ఫోన్‌లో ఫొటో పెట్టుకుని గీస్తే ఈకలు కళ్లు అన్నీ పెట్టేయాలనిపిస్తుంది, మనక్కావాల్సింది ఆ మెడ వంపు, ఆ ఒంటికాలు, అంతే.

తర్వాత పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో గీయండి, బాగా వచ్చేదాకా. పికాసో 1945-46లో ఎద్దు బొమ్మని 11 దశల్లో తగ్గించుకుంటూ వెళ్లి చివరికి కొన్ని గీతలే మిగిల్చాడు. అది చూశాకే నాకర్థమైంది, మన ఒంగోలు గిత్తకి మూపురం, గంగడోలు పడితే చాలు, మిగతాది చూసేవాళ్లే పూర్తి చేసుకుంటారు.

వైరు కొలత దారంతో గీత వెంబడి తీసుకోండి, జానెడు ఎక్కువే ఉంచండి. అల్యూమినియం మెత్తగా వంగుతుంది కానీ ఒకేచోట పదేపదే వంచితే పుటుక్కున విరుగుద్ది.

కట్టింగ్ ప్లేయర్ పట్టుకునే ముందు కళ్లద్దాలు, ఇది మాత్రం వదలొద్దు ప్లీజ్, తెగిన ముక్క సూటిగా కంట్లోకే రావచ్చు, అందుకే రెండో కొసని చేత్తో పట్టుకునే కట్ చేయండి. కొసలు లోపలికి మడిచేయండి, ఇంట్లో పిల్లలుంటే మరీనూ.

జీఐ వైర్ అయితే వెల్డింగ్ వద్దు, పైన జింకు పూత ఉంటుంది, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

మే నెలలో డాబా మీద పని పెట్టుకోకండి, బెజవాడ ఎండకి వైరే చెయ్యి కాల్చేస్తుంది.

ఒంటికాలి మీద నిలబెట్టాలంటే కింద బరువైన చెక్క ముందే రెడీగా ఉంచుకోండి.