స్వీట్ బాక్స్ ఇచ్చేస్తే థాంక్స్ చెప్పినట్టు కాదండీ

మాది ఆంధ్రా బోర్డర్‌కి ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో హోల్‌సేల్ కిరాణా కొట్టు. అటు పాతపట్నం, ఇటు గుమ్మా వైపు కొండలు, కొట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగు, ఒడియా, కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర మూడూ కలిసిపోయి వినిపిస్తాయి. మనవాళ్ళతో ఒక చిక్కుంది, దగ్గరోళ్ళకి థాంక్స్ చెప్తే "మనలో మనకి థాంక్సేటి" అని మొహం అదోలా పెడతారు, మా అమ్మైతే "నీ కడుపు చల్లగుండ" అంటుంది అంతే. ఇలాంటి చోట వ్యాపారంలో కృతజ్ఞత ఎలా చూపించాలో నాకు తెలిసింది రాస్తున్నా, సగం తప్పు చేసి నేర్చుకున్నదే.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద కూడా విరుచుకుపడింది కదా. ఆ పొద్దున గొడౌన్ రేకులు లేచిపోయి నీళ్ళు కారుతుంటే ఇద్దరు కళాసీలు పిలవకుండానే వచ్చారు, వాళ్ళ ఇళ్ళ సంగతి కూడా చూసుకోకుండా బియ్యం బస్తాలన్నీ పొడి వైపుకి మోసి బరకాలు కప్పారు. నేనేం చేశానంటే, వారం తిరిగేసరికి దసరా, ఎప్పట్లాగే అందరికీ ఒకటే లుంగీ, ఒకటే స్వీట్ బాక్స్, వచ్చినోళ్ళకీ అదే రానోళ్ళకీ అదే. నవ్వుతూనే తీసుకున్నారు. ఆ తర్వాత నుంచి మాత్రం టైంకి రావడం టైంకి పోవడం, అంతకుమించి ఒక్క బస్తా ఎత్తలేదు. రెండు నెలలకి మా గుమస్తా మెల్లిగా చెప్పాడు, "మీరు మర్చిపోయారనుకుంటున్నారు బాబూ" అని. సిగ్గేసింది. వాళ్ళిళ్ళకి వెళ్ళి, ఇంట్లోవాళ్ళు వింటుండగా "ఆ రోజు నువ్వు రాకపోతే నా సరుకంతా ముక్కిపోయేది తమ్ముడూ" అన్నా, ఇంటికి రేకులు కొనడానికి కొంత డబ్బూ ఇచ్చా. డబ్బు ఎంతో వాళ్ళకి గుర్తుందో లేదో గానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

కాబట్టి "బాగా చేశావ్" అని ఊరికే అనకండి, ఏం చేశాడో పేరు పెట్టి చెప్పండి, దానివల్ల మీకు ఏం మిగిలిందో కూడా చెప్పండి, వాళ్ళు గౌరవం కోరుకునే మనుషుల ముందు చెప్పండి. వారంలోపు చెప్పేయాలి, పండగ దాకా దాచుకుంటే అది పండగ ఖాతాలోకి పోతుంది.

డ్రైవర్ల విషయం వేరు. వర్షంలో టెక్కలి నుంచి లోడ్ తడవకుండా తెచ్చినవాడు డ్రైవరు, మనమేమో ట్రాన్స్‌పోర్ట్ ఓనర్‌కి ఫోన్ చేసి థాంక్స్ అంటాం, అది కింద దాకా దిగదు. వాడి చేతికే ఏదో ఒకటి పెట్టి, ఆ తర్వాత ఓనర్‌కి కూడా "మీ డ్రైవర్ మంచోడు" అని చెప్పండి.

సరుకిచ్చేవాళ్ళకైతే నా దృష్టిలో టైంకి డబ్బు పంపడం కన్నా పెద్ద థాంక్స్ లేదు. మా అప్పడాలావిడకి బిల్లు వచ్చిన వారంలోనే పంపిస్తా. అసలు రిజిస్టరైన చిన్న ఉత్పత్తిదారులకి అగ్రిమెంట్ లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా ఇవ్వాలని 2006 ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టమే చెప్తోంది, అదెవరు పాటిస్తున్నారులెండి. తొంభై రోజులు తిప్పి దీపావళికి డ్రైఫ్రూట్స్ పంపితే ఆ డబ్బా తెరుస్తూ ఏమనుకుంటారో ఊహించుకోండి.

కొండల నుంచి చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు తెచ్చే సవరోళ్ళకి గిఫ్టులేం అక్కర్లేదు. కాటా వాళ్ళకి కనబడేటట్టు పెట్టండి, డబ్బు అక్కడికక్కడే లెక్కపెట్టి ఇవ్వండి, కూర్చోడానికి బల్ల వేయండి, మంచినీళ్ళివ్వండి. ఒడియా వాళ్ళతో వచ్చీరాని ఒడియాలోనే "భాయినా, ధన్యబాద" అనండి, యాస చూసి నవ్వినా పర్లేదు, ఆ నవ్వులోనే సగం పని అయిపోతుంది.

ఆఫీసుల్లో పని చేసిపెట్టిన సార్లకి మాత్రం నమస్కారంతో సరి, డబ్బాలూ కవర్లూ వద్దు, అది థాంక్స్ కిందకి రాదు, 1988 అవినీతి నిరోధక చట్టం కిందకొస్తుంది.

ఇక అరువు ఖాతాదారులు. మార్గశిర లక్ష్మివారాల్లో, అంటే గురువారాల్లో, మనవాళ్ళూ ఒడియా వాళ్ళూ చాలామంది లక్ష్మీపూజ చేసుకుని ఇంట్లోంచి డబ్బు బయటకి తీయరు, ఆ రోజు బాకీ అడక్కండి, అడక్కపోవడం కూడా ఒక మర్యాదే. మళ్ళీ తనంతట తనే వచ్చి పాత బాకీ మొత్తం కట్టేసినవాడుంటాడు చూశారూ, అతన్ని డబ్బు లెక్కపెట్టుకుని పంపేయకండి. పుస్తకం తీసి అతని కళ్ళముందే గీత కొట్టి "చెల్లు" అని రాయండి, పేజీ అటు తిప్పి చూపించండి, టీ తెప్పించండి. టీ డబ్బులు మాత్రం మన ఖాతాలోనే రాసుకోవాలి, అతని కొత్త పేజీలో కాదు.